ఘాట్ రోడ్డుకు డబుల్ బెల్

మా ఆయన చెయ్యి పట్టుకునే హక్కు చుట్టాలందరికీ ఎప్పుడు వచ్చిందో నాకు తెలియదు. ఆయన్ను ఎవరూ అడగలేదు, నన్నూ అడగలేదు. ఫంక్షన్ హాలు గేటు దగ్గర దిగగానే ఎవరో ఒకరు వచ్చి మణికట్టు దొరకబుచ్చుకుంటారు. మెట్లు కనపడితే ఇద్దరవుతారు. "పైలం, పైలం" అనుకుంటూ కుర్చీ దాకా లాక్కుపోయి కూర్చోబెడతారు. కూర్చోబెట్టాక ఆయనతో మాట్లాడరు, నాతో మాట్లాడతారు. "గాయన పెరుగు తింటడా? గాయనకు చల్లనీళ్లు ఇయ్యాల్నా?" అని అడుగుతారు. ఒక పెళ్లిలో నాకు చిర్రెత్తుకొచ్చి, "గాయన పక్కనే ఉన్నడు, చెవులు మంచిగనే ఉన్నయ్, గాయన్నే అడుగుర్రి" అని ముఖం మీదే అన్నాను. ఆ పూటంతా నన్ను మళ్లీ ఎవరూ పలకరించలేదు. మంచిదే అయింది, ప్రశాంతంగా తిన్నాను.

ఆయన సిటీ బస్సు డ్రైవర్. నేను కండక్టర్‌ని. చార్మినార్ దగ్గర మొదలై చాంద్రాయణగుట్ట చౌరస్తా మీదుగా పోయే రూట్లో చాలా ఏళ్లు ఒకే బస్సు మీద డ్యూటీ చేశాం. ఆయన ముందు, నేను వెనక. మధ్యలో జనం గోడ కట్టినట్టు నిలబడేవాళ్లు. ఆయన ముఖం నాకు కనపడేది కాదు, నా ముఖం ఆయనకు కనపడేది కాదు. మా ఇద్దరి మధ్య మాటలన్నీ బెల్లుతోనే. ఒక్క బెల్లు కొడితే ఆగాలి. రెండు కొడితే పోవాలి. ఆ రెండు బెల్లుల మీద నమ్మకంతో, వెనక ఎవరు ఎక్కుతున్నారో ఎవరు దిగుతున్నారో తల తిప్పి చూడకుండా, ఆయన అంత పెద్ద బండిని ఆ ఇరుకు బజార్ల నుంచి బయటికి తెచ్చేవాడు.

తర్వాత కళ్లు పోవడం మొదలైంది. నీటికాసులు అన్నాడు డాక్టరు. కంట్లో ఒత్తిడి పెరిగి, చూపును అంచుల నుంచి లోపలికి తినేసుకుంటూ వచ్చే జబ్బు. ఎదురుగా ఉన్నది కనపడుతుంది. పక్కన ఉన్నది కనపడదు, కాళ్ల కింద ఏముందో తెలియదు. గొట్టంలోంచి చూసినట్టు ఉంటదని ఆయన అంటాడు. డ్రైవింగుకు అన్‌ఫిట్ అని రాసి, డిపో గేటు దగ్గర ఒక కుర్చీ ఇచ్చారు. పోయే బస్సులకూ వచ్చే బస్సులకూ సలాం కొడుతూ కూర్చోవడం ఆయన పని. ఆ కుర్చీ సంగతి ఆయన ఇంట్లో ఒక్కసారి కూడా ఎత్తలేదు. అన్నం మాత్రం తగ్గించేశాడు. జల్‌పల్లిలో మా చిన్న ప్లాటు ఇంటి ముందు సందులో కూడా ఒక్కడే నడవడం మానేశాడు. నడిస్తే ఎవడో ఒకడు ఉరికి వచ్చి చెయ్యి పట్టుకుంటాడని.

కొండ ఎక్కాలన్న మాట ఆయన నోటి నుంచే వచ్చింది. ఒక పొద్దున చాయ్ తాగుతూ, "నాకు ఒక్కసారి కూడా ఘాట్ రోడ్డు ఇయ్యలే" అన్నాడు. మా దగ్గర సిటీ డ్రైవర్లకు ఘాట్ ఇవ్వరు. ఘాట్ డ్రైవర్లు డిపోలో ఛాతీ విరుచుకుని తిరుగుతారు, వాళ్ల లెక్క వేరు. ముప్పై ఏళ్లు ఫ్లాటు రోడ్డు మీదే తిప్పారని ఆయనకు లోపల మంట ఉండేదని నాకు అప్పుడే తెలిసింది. "ఇగ బండి ఎట్లనూ ఇయ్యరు. కాళ్లతోనన్న ఎక్కుత" అన్నాడు. నేను అదే వారంలో ఉత్తరాఖండ్‌లో ఐదు రోజుల కొండ నడకకు ఇద్దరి పేర్లు రాయించాను. కాస్త ఆగితే నాకే భయం పట్టుకుంటుందని తెలుసు.

మా బావగారు, అంటే ఆయన అన్న, ఇంటికొచ్చి లొల్లి లొల్లి చేశాడు. "సూపు లేనోన్ని తీస్కపోయి ఏ లోయల ఇడిసిపెట్టొస్తవ్?" అన్నాడు. ఒళ్లు మండింది నాకు.

"నువ్వు చెయ్యి పట్టుకుంటే ఫంక్షన్ హాలు మెట్ల మీద పడ్డడు బావా. నేను పట్టుకోకుండ తీస్కపోత" అన్నాను.

ఆ మాట అనేశాను గానీ, పట్టుకోకుండా ఎట్లా తీసుకుపోవాలో నాకు తెలియదు. అది చాంద్రాయణగుట్ట దగ్గరి గుడి మెట్ల మీద తేలింది. రోజూ తెల్లవారుజామున అలవాటు కోసం ఆ మెట్లు ఎక్కేవాళ్లం. ఆయన ముందు, నేను వెనక. ఒకరోజు ఒక మెట్టు విరిగి ఉంది. నోరు తెరిచే లోపలే నా చెయ్యి దానంతట అదే ఇనుప రెయిలింగు మీద ఒక్కటి కొట్టింది. ఆయన ఉన్న చోట ఉన్నట్టే ఆగిపోయాడు. ఎత్తిన కాలు కూడా దించలేదు. "పెద్దగ వెయ్, మెట్టు ఇరిగింది" అని చెప్పి రెండు కొట్టాను. కదిలాడు. ఇద్దరం ఆ మెట్ల మీద కూర్చుని కడుపు నొప్పి వచ్చేదాకా నవ్వుకున్నాం. ఆ రోజు నుంచి ఆయన చెయ్యి నేను పట్టుకోలేదు. బెల్లు కొట్టాను.

బయల్దేరే రోజు పక్క ప్లాటు ఆపా వచ్చింది. ఆమెకు నాకంటే పదేళ్లు ఎక్కువ ఉంటాయి. ప్రయాణానికి పోయేవాళ్ల దండచేతికి, గుడ్డలో బిళ్ల చుట్టి ఇమామ్ జామిన్ కడతారు వాళ్లు, క్షేమంగా పోయి రమ్మని. ఆయన చొక్కా చెయ్యి మడిచి దండ ముందుకు పెట్టాడు. ఆపా ఆయన్ను దాటుకుని వచ్చి నాకు కట్టింది. "భాయ్‌కు డర్ లేదు. డర్ నీకుంది" అంది. నాకా, భయమా అని నవ్వేశాను.

మొదటి రెండు రోజులూ ఎవరికీ ఏమీ తెలియలేదు. మాతో నడిచేవాళ్లు నలుగురు బెంగళూరు ఆఫీసు పిల్లలు. వాళ్లను, మమ్మల్ని నడిపించేందుకు ఆ కొండ ఊళ్లవాడే ఒక గైడు, అతని తమ్ముడు. నేను బెల్లుగా చేతికర్రతో రాయి మీద టక్కుమని కొడితే అది నడిచే చప్పుడనుకున్నారు. రెండో రోజు సాయంత్రం గైడు ఆయన పక్కన చాయ్ గ్లాసు పెట్టాడు. ఆయన మోచెయ్యి తగిలి గ్లాసు బోర్లా పడింది. మళ్లీ తెచ్చి అక్కడే పెట్టాడు, మళ్లీ పడింది. గైడు ఆయన ముఖం ముందు చెయ్యి ఊపి చూశాడు. తర్వాత నా వైపు చూశాడు. దాచడం నాకు చేతకాదు, ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను.

మూడో రోజే అసలు నడక. కనుమ ఎక్కి అవతలి లోయలోకి దిగాలి. ఇంకా చీకటి పూర్తిగా పోలేదు, గడ్డి మీద మంచు తెల్లగా పట్టి ఉంది. గైడు మా గుడారం ముందు ఒక ఖచ్చరాన్ని, అంటే కంచరగాడిదను, తెచ్చి నిలబెట్టాడు. సార్ దీని మీద వెనక్కి దిగిపోతారు, మీరు కావాలంటే మాతో రావచ్చు అని హిందీలో నాతో చెప్పాడు. ఆయన అక్కడే కూర్చుని బూట్ల తాళ్లు కట్టుకుంటున్నాడు. ఇక్కడ కూడా నాతోనే మాట్లాడుతున్నారు.

"కైకు, ఎందుకు?" అన్నాను. నా హిందీ పాతబస్తీ హిందీ, కోపమొస్తే ఇంకా ముదురుతుంది. "రెండు దినాలు నడిచిండా లేదా? మీ ఆఫీసు పిల్లలకన్న ముందుగాల క్యాంపుకు చేరిండా లేదా? గ్లాసు కనపడలేదు. గ్లాసు మీద నడుస్తడా ఆయన?"

గైడు మంచివాడే. అరవలేదు. ఇక్కడ మనిషి పడితే మోసుకుని పోవాల్సింది నేనేనమ్మా అన్నాడు. అప్పుడు ఆయన లేచి నిలబడి, బ్యాగు భుజానికి తగిలించుకుని, "భాయ్, ఏక్ గల్తీ హోనే దో. ఫిర్ ఉతార్ దో" అన్నాడు. ఒక్క తప్పు జరగనీ, అప్పుడు దించెయ్ అని. సరే, ఒక్క తప్పే అన్నాడు గైడు. ఖచ్చరం మా వెనకే వస్తుందన్నాడు. ఆ రోజంతా దాని మెడ గంట నా వీపు వెనక గణగణమంటూనే ఉంది. దాన్ని నడిపించే ముసలాయన బీడీ వాసన కూడా.

పొద్దెక్కే దాకా దారి ఎక్కుడే గానీ వెడల్పుగా ఉంది. తర్వాత వాగు వచ్చింది. దాని మీద రెండు దుంగలు వేసి ఉన్నాయి, తడిసి నల్లగా అయ్యాయి. అందరూ దాటి అటు నిలబడి మావైపే చూస్తున్నారు. నేను గొంతు సవరించుకుని, డిపోలో బస్సును రివర్సు పెట్టించేటప్పటి గొంతు తీశాను. "రానీ, రానీ... లెఫ్ట్ జరంత... రానీ, రానీ." కొండల్లో ఆ గొంతు ఎంత దూరం పోయిందో తెలియదు. ఆఫీసు పిల్లలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. ఆయన బండి నడిపినట్టే, తొందర లేకుండా, ఆగకుండా దాటాడు. ఒడ్డున కాలు పెట్టగానే కర్రతో ఒక్కటి కొట్టాను, ఆగాడు. ఇక నా వంతు. సగం దాకా పోయి కింద నీళ్లు చూశాను. మిగతా సగం నాలుగు కాళ్ల మీద దాటాను. ఈసారి పిల్లలు బయటికే నవ్వారు. ఆయన కూడా నవ్వాడు. "కండక్టర్ మేడమ్, నువ్వెక్కు ఖచ్చరం" అన్నాడు.

మధ్యాహ్నం ఒక పెద్ద బండ మీద కూర్చుని తెచ్చుకున్న సర్వపిండి తిన్నాం. గట్టిపడిపోయి పళ్లకు పని చెప్పింది. ఎదురుగా కనుమ, దాని వెనక మంచుకొండ. ఆయన దాన్ని చూస్తూ నమలడం మరిచిపోయాడు. గొట్టంలోంచి చూసేవాడికి గొట్టం నిండా మంచుకొండే ఉంటే ఇంకేం కావాలి. నాకేమో కొండ కనపడుతోంది, దాని పక్కన లోయా కనపడుతోంది. నేను లోయనే చూస్తున్నాను.

ఆ తర్వాత దారి సన్నబడింది. ఒకవైపు కొండ, ఒకవైపు ఏమీ లేదు. జారుడు రాళ్ల మీద ఒక మనిషి పట్టేంత బాట. గైడు తమ్ముడు పిల్లలను తీసుకుని ముందుకు పోయాడు. గైడు మాకు కాస్త ముందు నడుస్తున్నాడు. తర్వాత మా ఆయన, వెనక నేను. ఒక చోట బాట లోపలికి మలుపు తిరుగుతుంది. నేను ముందే ఒక్కటి కొట్టి ఆపాను. లోపలికి తిరగాలి, ముందుకు పోవద్దు అని చెప్పాలి. ఆ మాట నోట్లో ఉండగానే నా కాలి కింద రాయి జారింది. పడకుండా కర్ర గట్టిగా పొడిచాను. అది పట్టు దొరక్క జారితే ఇంకోసారి పొడిచాను. టక్, టక్.

ముప్పై ఏళ్లు రెండు బెల్లులకు కదిలిన మనిషి. కదిలాడు.

ఆయన కుడికాలు గాలిలోకి పోయింది. పైప్రాణాలు పైనే పోయాయి నాకు. కానీ ఆయన కాలు కింద నేల తగలకపోయేసరికి బ్రేకు వేసినట్టు అక్కడికక్కడే కూలబడిపోయాడు. పిర్రల మీద కాస్త దూరం జారాడు. బ్యాగు ఒక రాతి కొసకు చిక్కుకుని ఆగింది. ఆయన నీళ్ల సీసా మాత్రం జారిపోయింది. అది రాళ్ల మీద కొట్టుకుంటూ పోయే చప్పుడు ఎంతసేపటికీ ఆగలేదు. గైడు ఉరికి వచ్చి బ్యాగు పట్టీలు పట్టి పైకి లాగాడు. మోచెయ్యి గీరుకుపోయింది, అంతే.

"బస్" అన్నాడు గైడు. ఇక అయిపోయిందన్నట్టు చేతులు దులుపుకుని, వెనక్కి చూసి ఖచ్చరం ముసలాయనకు ఈల వేశాడు.

నేను గైడుతో కొట్లాడలేదు. ఆయన మణికట్టు రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాను. "దిగిపోదాం. ఇంటికి పోదాం. నాకు ఏ ఘాటూ వద్దు" అన్నాను. ఇదంతా నా మొండితనమే, బావగారు అన్నదే నిజం, పిచ్చిదాన్ని అని ఏడ్చుకుంటూ ఏదేదో అన్నాను.

ఆయన నా మాటలన్నీ విన్నాడు. తర్వాత తన మణికట్టు వైపు తల దించి, గొట్టం చూపు దాని మీదకు తెచ్చుకుని చూశాడు.

"మా అన్న లెక్కనే పట్టుకున్నవ్" అన్నాడు.

నేను వదల్లేదు.

"చెయ్యి ఇడువు. బెల్ కొట్టు."

"కొట్ట. సచ్చినా కొట్ట" అన్నాను.

"కొట్టకపోతే ఈడనే ఉంట. సింగిల్ బెల్ మీద బండి ఆగి ఉంది. నువ్వు డబుల్ కొట్టేదాక ముందుకూ పోదు, ఎనకకూ పోదు." గైడు వైపు ముఖం తిప్పి హిందీలో అన్నాడు, "భాయ్, గల్తీ డ్రైవర్‌ది కాదు. బెల్లుది. బెల్లు ఖరాబైతే బెల్లు మార్చాలె గని, డ్రైవర్‌ను దించుతరా? ఒకసారి గట్లనే దించిన్రు నన్ను. కళ్లు ఖరాబైనయ్ అన్నరు, దిగిన. ఇయ్యాల నా కళ్లతోని ఏం కాలే. ఇయ్యాల దిగ."

ఇన్నేళ్లలో ఆ కుర్చీ గురించి ఆయన మాట్లాడటం అదే మొదలు. అది కూడా ఎవరితోనో, కొండ అంచు మీద, మోచేతి నుంచి నెత్తురు కారుతుండగా.

ఆయన మాట్లాడుతుంటేనే నాకు తెలిసింది, తప్పు ఎక్కడుందో. ఊతకూ బెల్లుకూ ఒకే కర్ర వాడాను. బస్సులో ఎన్నడన్నా అట్లా చేశానా? పట్టుకునే రాడ్డు వేరు, బెల్లు తాడు వేరు. తాడు తెగిన పాత బండ్లలో రూపాయి బిళ్లతో రాడ్డు మీద కొట్టేదాన్ని. ఆ చప్పుడు ఎంత గోలలోనైనా డ్రైవరు చెవికి పోయేది. నా పర్సులో రూపాయి బిళ్ల ఉంది. భుజానికి స్టీలు నీళ్ల సీసా వేలాడుతోంది. కర్రను కొండ వైపు చేతికి మార్చుకున్నాను. బిళ్ల తీసి స్టీలు సీసా మీద ఒక్కటి కొట్టి చూశాను. సన్నగా, పదునుగా మోగింది. రాయికి కర్ర తగిలిన చప్పుడుకూ దీనికీ పోలికే లేదు.

ఆయన ముఖం విప్పారింది. "గిది బెల్లంటే" అన్నాడు.

గైడు మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఈల విని దగ్గరికొచ్చేసిన ముసలాయన బీడీ ఆర్పి, ఇక్కడ ఖచ్చరాన్ని వెనక్కి తిప్పడానికి జాగా లేదు, ఎట్లాగూ కనుమ దాకా పోవాల్సిందే అన్నాడు. మొత్తానికి గైడు ఒక షరతు పెట్టాడు. తను ఆయనకు చేతికందే దూరంలో ముందు నడుస్తాడు, కానీ పట్టుకోడు. మీరు పట్టుకోమన్నా పట్టుకోనని నా వైపు చూసి చెప్పాడు. అప్పుడు నాకు ఆపా మాట గుర్తొచ్చింది. దండకున్న గుడ్డను ఒకసారి తడిమి చూసుకున్నాను.

మణికట్టు వదిలాను. వదలడానికి నా వేళ్లు ఒప్పుకోలేదు, ఒక్కొక్కటే తీయాల్సి వచ్చింది. "లోపలికి తిరుగు. రెండడుగులు సన్నగ, తర్వాత ఎక్కుడు" అన్నాను. రెండు కొట్టాను. ఆయన పోయాడు.

అక్కడి నుంచి కనుమ దాకా నేను ఏమీ చూడలేదు. ఆయన బూట్లు, వాటి ముందు నేల, అంతే. నాకు కూడా గొట్టం చూపే అయింది. ఊపిరి అందేది కాదు, తల దిమ్ముగా ఉండేది. కొట్టడం మాత్రం తప్పలేదు. ఆయన ఆగాల్సిన ప్రతిచోటా ఆగాడు, పోవాల్సిన ప్రతిచోటా పోయాడు. కనుమ మీద రంగు గుడ్డల తోరణాలు గాలికి టపటపా కొట్టుకుంటున్నాయి. ఆఫీసు పిల్లలు మా కోసం చలిలో వణుకుతూ కూర్చుని ఉన్నారు. ఆఖరి బెల్లు అక్కడ కొట్టాను, ఒక్కటి.

"ఘాట్ ఎట్లుంది డ్రైవర్ సాబ్?" అని అడిగాను.

"రోడ్డు మంచిగ లేదు. టర్నింగులు మస్తున్నయ్" అన్నాడు. జేబు రుమాలుతో ముఖం తుడుచుకున్నాడు, ఒకసారి కాదు, చాలాసార్లు. నేను ఏడ్చాను. అందరూ సంతోషం అనుకున్నారు. అది సంతోషం కాదు, కోపం. ఇంత నడవగలిగిన మనిషిని నాలుగేళ్లు కుర్చీకి కట్టేశారని కోపం. మలుపు దగ్గర నేను కూడా ఆ పనే చేయబోయానని ఇంకా కోపం.

ఊరికి వచ్చాక మా బావగారి కూతురి పెళ్లికి గాజులు కొనడానికి అందరం చార్మినార్ పోయాం. సాయంత్రం వేళ, కాలు పెట్టే సందు లేదు. ఆటోలు, బండ్లు, తోపుడుబండ్లు, హారన్లు. కొండ కథంతా విన్నాడు బావగారు, విని తలూపాడు కూడా. అయినా రోడ్డు దాటాల్సి వచ్చేసరికి అలవాటుగా, "పైలం తమ్మీ" అంటూ చెయ్యి చాచాడు.

మా ఆయన రెండు చేతులూ ప్యాంటు జేబుల్లో పెట్టుకున్నాడు. నిలబడ్డాడు. నా వైపు తిరగలేదు, తిరగాల్సిన పని లేదు.

నేను పర్సులోంచి రూపాయి బిళ్ల తీశాను. పక్కనే ఇనుప స్తంభం ఉంది. ఆటో పోయింది, రెండు బండ్లు పోయాయి, గాజుల తోపుడుబండి పోయింది. జాగా దొరికింది. రెండు కొట్టాను. అంత గోలలో అది ఇంకెవరికీ వినపడి ఉండదు. ఆయనకు వినపడింది. జేబుల్లో చేతులు జేబుల్లోనే పెట్టుకుని, తల పైకెత్తుకుని, ఆ రోడ్డు దాటి అటు నిలబడ్డాడు. వెనకే నేను దాటాను.

అటు పోయి చూస్తే బావగారు ఇంకా ఇవతలి ఒడ్డునే ఉన్నాడు. చాచిన చెయ్యి అట్లాగే పెట్టుకుని, ఆటోల మధ్య సందు కోసం చూస్తున్నాడు. బావగారికి బెల్లు కొట్టేవాళ్లు ఎవరూ లేరు.